సాగిన్ బల్ల బిగించిన శుక్రవారం

"వియ్యపురాలు టీ గిన్నె అలా పెట్టగానే ఆ బల్ల మధ్యకి విడిపోయి, కాగుతున్న నీళ్ల సమోవర్ ఆవిడ ఒళ్లో పడితే?" అంది బురుల్.

పొద్దున్నే, పొయ్యి మీద నీళ్లు ఇంకా మరగనే లేదు. ఆమె భర్త సాగిన్ రొట్టె ముక్కను జామ్‌లో ముంచబోతూ ఆగిపోయాడు.

"బల్ల ఇంకా బిగించనే లేదు కదే!"

"బిగించాక అనుకుని ఏం లాభం? కాలేది కాలిపోయాక అనుకోవటం ఎవరికైనా వచ్చు."

అప్పటికి నరీన్ ఊళ్లో మనుషుల జేబుల్లోకి ఫోన్లు రాలేదు. వీధి చివర పోస్టాఫీసులో ఒక్క ఫోను ఉండేది; పల్లెలకు కబురు చెప్పాలంటే అటు వెళ్లే వ్యాను డ్రైవర్‌ని పట్టుకోవాలి. అందుకే ఇళ్లల్లో భయపడటానికి ఇప్పటికంటే ఎక్కువ తీరిక ఉండేది. సాయంత్రం మనిషి తిరిగొచ్చేదాకా ఏమేం జరిగి ఉండొచ్చో ఒక్కొక్కటీ నిదానంగా ఆలోచించుకోవచ్చు. బురుల్ ఆ పని బాగా చేసేది. ఆమెను చూసి నవ్వేవాళ్లు నవ్వేవారు గానీ, ఆ నాలుగంతస్తుల ఇంట్లో గ్యాసు కట్టేశామా లేదా అని రెండోసారి చూసొచ్చేది ఆమె ఒక్కతే.

బల్ల సాగిన్ తండ్రి చేసింది. ఆయన బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పే మాస్టారు. బతికున్న ఆఖరి చలికాలంలో, కొండ మీంచి తెచ్చిన దేవదారు చెక్కతో, రెండు కొసలూ పట్టుకుని లాగితే విడిపోయి మధ్యలో ఇంకో పలక పట్టే భోజనాల బల్ల మొదలుపెట్టాడు. కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయనకు అదే కోరిక. ఇంటిల్లిపాదీ, వియ్యాలవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. చిత్రిక పట్టాడు, గాడులు తీశాడు, కాళ్లు తొలిచాడు. చెక్కను నున్నగా రుద్ది నూనె పట్టించి బిగించటమే మిగిలింది. మంచు కరిగేసరికి ఆయన లేడు.

తండ్రి ఇల్లూ పనిముట్లూ చిన్న కొడుక్కి రావటం అక్కడి పద్ధతి. వడ్రంగం వచ్చింది మాత్రం పెద్ద కొడుకు ఏషిమ్‌కి. సాగిన్‌ది వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. రేపు గాలి ఎటు వీస్తుందో చెప్పగలడు గానీ, కొడుతున్న మేకు ఎటు వంగుతుందో చెప్పలేడు. తండ్రి పోయిన నలభయ్యో రోజు భోజనాల దగ్గర ఏషిమ్, "బల్ల నాకివ్వరా, పూర్తి చేసి తెస్తాను" అన్నాడు. "నాన్న నాకు వదిలాడు, నేనే చేస్తాను" అన్నాడు సాగిన్. "నువ్వా!" అని ఏషిమ్ అందరి ముందూ పెద్దగా నవ్వాడు. మాట మీద మాట పెరిగింది. చివరికి టోపీ తలకెత్తుకుని, "ఆ బల్ల నాలుగు కాళ్ల మీద నిలబడిన రోజు వస్తాను. అప్పటిదాకా నీ గడప తొక్కను" అని కనుమ అవతల ఆట్‌బాషీకి వెళ్లిపోయాడు.

ఆరేళ్లు గడిచాయి. బల్ల ముక్కలు బాల్కనీలో టమాటా ఊరగాయ సీసాల వెనక నిలబడే ఉన్నాయి, కాళ్లు లేకుండా.

ఈ ఆదివారం వాళ్ల కూతురు కుందుజ్ చెవులకు పోగులు పెట్టి పెళ్లి ఖాయం చేసుకోవటానికి వియ్యాలవారు వస్తున్నారు. తలుపుకు దూరంగా, గది చివర ఉండే పెద్ద స్థానం పిల్ల పెదనాన్నది. ఆయన దీవించాకే రొట్టె తుంచాలి. బురుల్ రెండుసార్లు కబురు పంపింది. వస్తాననీ లేదు, రాననీ లేదు.

"ఆట్‌బాషీ ఆయన చోటు ఖాళీగా ఉంటే వాళ్లేమనుకుంటారు?" అంది బురుల్. పెళ్లయిన నాటి నుంచి బావగారి పేరు ఆమె నోట పలికింది లేదు. "తోడబుట్టినవాడే దీవించని ఇంటి పిల్లని చేసుకుంటున్నామా అనుకోరూ? పోగులు జేబులో వేసుకుని లేచిపోతే? రేపు కుందుజ్ బిష్కెక్ నుంచి కొత్త బట్టలు కొనుక్కుని వస్తుంది. దాని మొహం ఎలా చూడను?"

"అందుకే కదే బల్ల బిగిస్తానంటున్నాను. నిలబడ్డాక నేనే వెళ్లి పిలుచుకొస్తాను. మాట అన్నాడు, మాట మీద రావలసిందే."

"నువ్వు బిగిస్తే నిలబడుతుందా?"

సాగిన్ స్క్రూడ్రైవర్ వెతకటానికి వెళ్లాడు.

నూనె వాసన ఇంట్లో వద్దని ముక్కలన్నీ పెరట్లోకి దించారు. ఎండ బాగానే ఉంది గానీ నేల ఇంకా చల్లగానే ఉంది. నడుము పట్టేస్తుందని బురుల్ నేల మీద మందపాటి ఉన్ని కంబళి పరిచింది. సాగిన్ కాళ్లు నాలుగూ ఎలాగో బిగించి, బల్ల కింద కంబళి మీద వెల్లకిలా పడుకుని, పలకలు జారే చెక్క పట్టీలు అమర్చటం మొదలుపెట్టాడు. పైన బురుల్ ఉప్పు కాగితంతో రుద్దుతుంటే చెక్క పొట్టు అంతా సందుల్లోంచి అతని మొహం మీద రాలుతోంది.

"కంట్లో పడితే? చూపు పోతే? రేపటి నుంచి గాలి ఎటు వీస్తుందో ఎవరు చూస్తారు?" అని ఆమె పైకి పరుగెత్తి, తెల్లటి పలుచని గుడ్డ తెచ్చి అతని మొహం మీద కప్పింది.

"ఏమీ కనబడటం లేదే!"

"కనబడినప్పుడు మాత్రం ఏం చేశావు?"

అంత జాగ్రత్తపడిన మనిషి తన కళ్ల సంగతి మరిచిపోయింది. పొట్టు పడి రెండు కళ్లూ ఎర్రబడి ధారగా కారసాగాయి. తలగుడ్డ కొసతో తుడుచుకుంటూ కంబళి పక్కన కూలబడింది.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు కలీపా ముసలమ్మ కిటికీలోంచి దుప్పటి దులుపుతూ కిందికి చూసింది. బల్ల ఆమెకు కనబడింది గానీ మనసుకు పట్టలేదు. మధ్య పలక లేని సందు కింద, కంబళి మీద సాగిన్ వెల్లకిలా ఉన్నాడు. మొహం మీద తెల్లగుడ్డ ఉంది. పక్కన బురుల్ కూలబడి ఏడుస్తోంది. దుప్పటి చేతిలోంచి జారి రెండో అంతస్తు వాళ్ల తీగ మీద పడింది.

కలీపా అరవలేదు. చావు కబురు అలా నోటికొచ్చినట్టు అరిచి చెప్పేది కాదు. అయినవాళ్లను ముందు కూర్చోబెట్టాలి, చెరోవైపు పట్టుకోవాలి, టీ పోయాలి, ఆ మాటా ఈ మాటా చెప్పాలి. అందరూ చేరాక పెద్దవాళ్ల నోటి నుంచి రావాలి. కలీపా నేరుగా కింది వాటాలో ఉండే ముకాష్ తలుపు తట్టింది. ముకాష్ ఒకప్పుడు లారీ నడిపేవాడు, ఇప్పుడు ఆ ఇంటికంతటికీ పెద్దమనిషి.

"సాగిన్..." అని తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

ముకాష్ ఇంకేమీ అడగలేదు. అడగటం మర్యాద కాదు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, నేలమాళిగ తాళం చెవి తీసుకున్నాడు. చావుకైనా వేడుకకైనా పెరట్లో వేసే ఉన్ని గుడారం, యుర్తా, ఉండేది అక్కడే.

ఈలోపల బల్ల కింద సాగిన్ మొహం మీది గుడ్డ పక్కకు నెట్టాడు. రెండు పట్టీలు పట్టాయి గానీ, మూడోది ఎంత తోసినా గాడిలోకి జారటం లేదు.

"ఇది వంకరపోయింది, బురుల్. వాతావరణ కేంద్రంలో మా స్టోర్ వాడి దగ్గర ఇలాంటి చెక్క ఉంది. కోయించుకుని వస్తాను."

"రోడ్డు మీదుగా వెళ్లకు, లారీలు!"

"ఏటి ఒడ్డునే వెళ్తాలే."

"జారితే?"

అతను కంచె సందులోంచి దూరి వెళ్లిపోయాడు. బురుల్ కళ్లు కడుక్కోవటానికి ఇంట్లోకి వెళ్లింది. తర్వాత వచ్చి ఖాళీ కంబళిని చూసినవాళ్లు, సాగిన్‌ని లోపలికి మోసుకెళ్లి ఉంటారనుకున్నారు. కుళాయి కింద ఎంత కడిగినా మంట తగ్గలేదు. చాలాసేపటికి కిందికి దిగేసరికి పెరట్లో యుర్తా కట్టెల చట్రం నిలబడి ఉంది. ఆరుగురు మగవాళ్లు దానికి ఉన్ని కంబళ్లు చుడుతున్నారు. కలీపా పిండి పిసుకుతోంది. పెద్ద మూకుడులో నూనె మరుగుతోంది. మామగారి బల్ల మీద అప్పుడే వేయించిన బోర్సోక్‌లు, చిన్న చిన్న పిండి ముక్కలు, బంగారు రంగులో గుట్టగా పోసి ఉన్నాయి. నాలుగు కాళ్లూ అటూ ఇటూ ఊగుతున్నా బల్ల పడిపోకుండా నిలబడి ఉంది.

బురుల్‌కి కడుపు నిండిపోయింది. ఆదివారం సంగతి తను కలీపాకి ఒక్కదానికే చెప్పింది. ఇంటిల్లిపాదికీ తెలిసిపోయి, అడక్కుండానే వచ్చి చేస్తున్నారు! అప్పటి ఇరుగుపొరుగు అలాగే ఉండేవారు. ఒకరింట్లో పొయ్యి వెలిగితే నాలుగిళ్ల మూకుళ్లు వచ్చేవి.

"ఆదివారానికి కదా అత్తా, ఇవాళే ఎందుకింత హడావుడి?" అంది.

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఆదివారం దాకా ఉంచుతావా, తల్లీ?" అంది కలీపా మెల్లగా.

"ఉంచితే ఏమవుతుంది? బాల్కనీ చల్లగానే ఉందిగా. కిటికీ కూడా తీసి పెట్టాను."

పిండి పిసుకుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. పక్కింటి జమాల్ మొహం తిప్పుకుని కళ్లొత్తుకుంది. నిన్న చుట్టి బాల్కనీలో పెట్టిన నూడుల్స్ గురించి ఇంత బాధ ఎందుకో బురుల్‌కి అర్థం కాలేదు.

"కూర్చో తల్లీ," అని కలీపా ఆమెను పీట మీద కూర్చోబెట్టింది. జమాల్ వచ్చి కుడి చెయ్యి పట్టుకుంది, ఇంకొకావిడ ఎడమ చెయ్యి పట్టుకుంది. కలీపా టీ పోసి మూడు చెంచాల పంచదార వేసింది.

బురుల్ ఆ గిన్నెలోకే చూస్తూ ఉండిపోయింది. కలీపా చేతిలో పంచదార అంటే మామూలు రోజుల్లో చెంచా కొసకు అంటుకున్నంతే. మూడు చెంచాలు ఆమె ఒక్కసారే వేసింది, బురుల్ తల్లి పోయిన రోజున. ఆ రోజు కూడా ఇలాగే పీట వేశారు, ఇలాగే చెరో చెయ్యీ పట్టుకున్నారు, ఇలాగే వాన గురించీ గొర్రెల గురించీ మాట్లాడారు.

"ఎవరు?" అంది.

"ఎవరూ లేరమ్మా. టీ తాగు. ఈ ఏడు గడ్డి బాగా వచ్చేలా ఉంది."

"గడ్డి సంగతి నాకెందుకు? ఎవరని అడుగుతున్నాను!"

కలీపా ఇంకో చెంచా పంచదార వేసింది. బురుల్ తలలో లెక్క మొదలైంది. కుందుజ్ పొద్దున్నే వీధి చివర పోస్టాఫీసుకు ఫోన్ చేసి మాట్లాడింది. మిగిలింది ఒక్కడే. ఏటి ఒడ్డు. మంచు కరిగిన నీళ్లు. నున్నటి రాళ్లు. జారితే అని తనే అంది! నోరు తెరిచి తనే అంది!

"ఓ కుందుజ్ నాన్నా!" అని ఆమె ఎత్తుకుంది. గుండె పగిలిన ఆడది పోయినవాడి గుణాలు వరసకట్టి పాడుతుంటే ఆ ఊళ్లో పక్షులు కూడా ఎగిరిపోవు. "మేకు తిన్నగా కొట్టలేకపోయినా మనసు తిన్ననైనవాడా! తిరిగే గాలినంతా కాగితం మీద రాసుకొచ్చి, ఇంట్లో గొళ్లెం బాగుచెయ్యనివాడా! బల్ల బిగిస్తానని పోయావా, బల్లకి పట్టీ తెస్తానని పోయావా!"

ఇంకా సందేహిస్తున్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు కూడా ఆ ఏడుపుతో నమ్మకం కుదిరింది. మగవాళ్లు నడుములకు గుడ్డలు కట్టుకుని, చేతికర్రల మీద వంగి యుర్తా ముందు వరసగా నిలబడి గొంతెత్తి ఏడవటం మొదలుపెట్టారు. ఎవరో ఎక్కడి నుంచో గొర్రెను పట్టుకొచ్చారు.

చంకలో కొత్త పట్టీతో, ఈల వేసుకుంటూ వస్తున్న సాగిన్ ఏటి మలుపు దగ్గర ఆగిపోయాడు. కంచె మీదుగా తన పెరట్లో యుర్తా కొన కనబడింది. నీటి హోరులో మాటలు తెలియటం లేదు గానీ ఏడుపు తెలుస్తోంది. ఆ గొంతు భార్యది. అంటే పోయింది ఆవిడ కాదు. కూతురు పొద్దున మాట్లాడింది. మిగిలింది...

ఆట్‌బాషీలో ఉండే మనిషి పోతే యుర్తా ఇక్కడెందుకు వేస్తారని ఆలోచించే తీరిక అలాంటి క్షణంలో ఎవరికుంటుంది?  బల్ల నిలబెట్టి, ఆదివారం తనే వెళ్లి, "లే అన్నా, వచ్చి కూర్చో" అందామనుకున్నాడు. రెండు రోజులు ఆగలేకపోయాడా!

టోపీ కళ్ల మీదికి లాక్కుని, తల వంచుకుని, పద్ధతి ప్రకారం దూరం నుంచే ఏడుస్తూ పరుగెత్తాడు. "ఓ నా తోడబుట్టినవాడా! నా కొండ కూలిపోయిందా!"

వరసలో మొదట నిలబడ్డ ముకాష్ చేతులు చాచాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు మొహం పెట్టుకుని బావురుమన్నారు.

"మంచి మనిషి పోయాడయ్యా!" అన్నాడు ముకాష్.

"మంచివాడే పెద్దయ్యా! కానీ ఆరేళ్లు మాట్లాడలేదు!"

"ఎవరితో మాట్లాడలేదు?"

"నాతోనే!"

"నువ్వెవరివి నాయనా?" అని ముకాష్ ఆ టోపీ పైకెత్తి చూశాడు.

ముకాష్ లారీ నడిపిన రోజుల్లో మంచు కనుమలో బ్రేకులు పోయినా అరవలేదంటారు. ఆ రోజు మాత్రం అరిచాడు. అటు తిరిగిన బురుల్ కాలికి తగిలి టీ గిన్నె ఒలికిపోయింది. లేచి, చెయ్యి పట్టుకున్న ఇద్దరినీ ఈడ్చుకుంటూనే వచ్చి, మొగుడి మొహం రెండు చేతులా తడిమింది. ఆ తర్వాత ఆ చేతులతోనే వీపు మీద రెండు బాదింది.

"చచ్చిపోయావనుకున్నానయ్యా! అంతసేపు ఏం చేస్తున్నావు?"

"చెక్క కోయిస్తున్నాను! మరి పోయింది ఎవరు? అన్నయ్య కాదా?"

"ఆయన పోయాడని ఎవరన్నారు?"

"నేను పోయానని ఎవరన్నారు?"

అందరి కళ్లూ కలీపా మీదికి తిరిగాయి.

"నేను అనలేదు," అంది కలీపా, పిండి చేతులు తుడుచుకుంటూ. "ఆ మాట నా నోట వచ్చిందా? విన్నవాళ్లు ముందుకొచ్చి చెప్పండి. కంబళి మీద పడుకుని తెల్లగుడ్డ కప్పుకునేవాణ్ణి అడగండి."

నిజమే, ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనలేదు. అంతమందీ ఒక్క మాట కూడా చెప్పకుండా చెప్పుకుని, యుర్తా వేసి, గొర్రెను తెచ్చి, మనిషిని సాగనంపారు. ముందు జమాల్ ఫక్కున నవ్వింది. తర్వాత మగవాళ్లు కర్రలు పారేసి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు గొర్రెను ఎక్కడ పట్టుకున్నాడో గుర్తు తెచ్చుకోవలసినవాడు.

ముకాష్ ఒక్కడే నవ్వలేదు.

"సాగిన్," అన్నాడు. "నేను ఆట్‌బాషీకి కబురు పంపాను. కలీపా వచ్చిన వెంటనే, వ్యాను వాడితో."

బురుల్ నవ్వు ఆగిపోయింది. ఆమెకు వెంటనే అంతా కనబడింది. ఆయన రావటం, చూడటం. తనని రప్పించటానికి తమ్ముడూ మరదలూ చావు నాటకం ఆడారనుకోవటం. ఇక ఆరేళ్లు కాదు, జీవితాంతం. వియ్యాలవారి ముందు ఖాళీ చోటు. కుందుజ్ చెవులు బోసిగా.

"ఎవరైనా దారికి అడ్డం వెళ్లండి! కనుమ దగ్గరే ఆపండి!" అంది.

అప్పటికే రోడ్డు మీద వ్యాను తలుపు ధడాలుమంది. లోపలి నుంచి ఒక పెద్ద గొంతు, దూరం నుంచే, పద్ధతి ప్రకారం, కొండలు మారుమోగేలా ఏడుస్తూ వచ్చింది.

"ఓ నా తమ్ముడా! నాకంటే ముందు పోయావా! నా మొండితనం మండిపోనూ! ఆ బల్ల నేనే వచ్చి బిగించి ఇవ్వాల్సింది! నాన్న నీకిస్తే నా సొమ్మేం పోయింది! రెండుసార్లు కబురు పెట్టావు, రెండుసార్లూ టోపీ పెట్టుకుని గడప దాకా వచ్చి ఆగిపోయానురా!"

ఏషిమ్ తల వంచుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, చేతులు చాచి, ఎదురుగా ఉన్నవాణ్ణి కావలించుకున్నాడు. ఆ ఎదురుగా ఉన్నవాడు సాగినే.

"అన్నా," అన్నాడు సాగిన్ అతని భుజం మీద నుంచి. "నేను బతికే ఉన్నాను."

ఏషిమ్ చేతులు వదిలేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తమ్ముణ్ణి చూశాడు, యుర్తాని చూశాడు, బోర్సోక్‌లు చూశాడు, గొర్రెను చూశాడు. ఏడ్చిన మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఊరందరి ముందూ అన్న మాటలన్నీ గాల్లో ఉన్నాయి. వెనక్కి తీసుకోవటానికి వీల్లేదు. వ్యాను ఇంకా అక్కడే ఉంది, ఇంజను ఆపలేదు. ఏషిమ్ ఒకసారి దానివైపు తిరిగాడు.

బురుల్ ముందుకొచ్చింది. తలగుడ్డ సర్దుకుని, నేల చూస్తూ మాట్లాడింది.

"బావగారూ, నాటకం కాదు. నా భయమే ఇంత పని చేసింది. ఆదివారం మన కుందుజ్‌కి పోగులు పెడతారు. పెద్ద చోటు మీది. మీరు కూర్చుంటారా?"

 సమోవర్ బుసకొడుతోంది. మూకుడులో ఎవరూ చూడని బోర్సోక్ ఒకటి నల్లబడుతోంది. అతను నెమ్మదిగా బల్ల దగ్గరికి నడిచాడు. బోర్సోక్‌ల గుట్టను జాగ్రత్తగా ఒక పక్కకు జరిపి, చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. కొసదాకా నిమిరాడు. తండ్రి చిత్రిక పట్టిన చోట చెయ్యి ఆగింది. సగం రుద్దిన చోటు దాటి, రుద్దని చోటికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"నాలుగు కాళ్ల మీద నిలబడింది అన్నా," అన్నాడు సాగిన్.

ఏషిమ్ వంగాడు. మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి తల దూర్చాడు. చాలాసేపు బయటికి రాలేదు. వ్యాను డ్రైవర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎవరూ కదలకపోయేసరికి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. 

చివరికి బల్ల కింది నుంచి ఏషిమ్ గొంతు వచ్చింది.

"నేను ఏడవాల్సింది నీకోసం కాదురా, ఈ పట్టీల కోసం. రెండూ తలకిందులుగా బిగించావు. ఆదివారం లోపల అంతా విప్పాలి, నాన్న ఉలి పట్రా."